యాంటీబయాటిక్ ఆపగానే తిరిగొచ్చిన వాపు: ఒక చిరుత మోచేయి కేసు

ఈ కేసు రాయాలా వద్దా అని చాలాకాలం ఊగిసలాడాను. ఇందులో నేను సరిగ్గా చేసిన పని ఒక్కటే, అదీ చివర్లో. అంతకుముందు దాదాపు ఎనిమిది వారాలు చిరుత నొప్పితో ఉంటే నేను మందు మీద మందు వేస్తూ, తగ్గుతోంది కదా అని సంబరపడుతూ గడిపాను. జూలోనో రెస్క్యూ సెంటర్లోనో కొత్తగా చేరిన డాక్టర్లు ఎవరైనా చదివితే ఆ ఎనిమిది వారాల్లో కొన్నైనా వాళ్లకి మిగులుతాయని రాస్తున్నాను. సెంటరు పేరు, ఊరు, ఏడాది చెప్పను. చిరుతని గుర్తుపట్టే వివరాలు రెండు మూడు మార్చాను. వైద్యానికి సంబంధించినవి ఏవీ మార్చలేదు, నాకు సిగ్గుగా అనిపించేవి కూడా.

చిరుత నేపథ్యం

మగది. పళ్ల అరుగుదల చూసి ఆరేడేళ్లు ఉంటుందని అంచనా వేశాం. అడవి అంచు ఊళ్లలో మేకల్ని, కుక్కల్ని ఎత్తుకుపోతోందని అటవీ శాఖ వాళ్లు బోను పెట్టి పట్టారు. నవంబర్ చివర్లో మా దగ్గరికి వచ్చింది. పై కోరలు రెండూ విరిగిపోయి ఉన్నాయి, ఒకటైతే దాదాపు చిగురు దాకా. కోరలు లేని చిరుతని అడవిలో వదిలితే అది మళ్లీ సులువుగా దొరికే మేకల వైపే వస్తుంది, కాబట్టి వదిలే ప్రశ్న లేదు, ఇక జీవితాంతం ఇక్కడే. బరువు 51 కిలోలు. క్వారంటైన్, రక్త పరీక్షలు, నులిపురుగుల మందు, అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి.

అడవిలో పుట్టి పెరిగిన చిరుత బందీగా సర్దుకోవడం మాటలు కాదు. మొదటి నెలంతా మనిషి కనిపిస్తే చాలు, ఊచల మీదికి దూకేది. జనవరికి కాస్త నెమ్మదించింది, ఫిబ్రవరికి మా కీపర్ చేతిలో బకెట్ చూసి లేచి వచ్చేంత మచ్చిక అయింది. రాత్రి ఉండే గది సిమెంటు నేల, నాలుగడుగుల ఎత్తులో ఒక చెక్క మంచె. రోజంతా ఆ మంచె మీదే పడుకునేది. ఈ మంచె సంగతి గుర్తుంచుకోండి.

మొదట కనిపించింది

మార్చి మధ్యలో ఒక రోజు ఉదయం కీపర్ ఫోన్ చేసి, "సార్, మనోడు మంచె ఎక్కట్లేదు, కింద పడుకుంటున్నాడు" అన్నాడు. నిన్నటి నుంచా అంటే, కాదు, నాలుగు రోజుల నుంచి. ఎండలు మొదలయ్యాయి కదా, నేల చల్లగా ఉందని దిగాడేమో అనుకున్నాడట. నేనున్నా అలాగే అనుకునేవాణ్ణి, అందుకే ఆయన్ని ఏమీ అనలేదు. వెళ్లి చూస్తే మాంసం తింటోంది, కానీ కుడి పంజాతో ముక్కని అదిమి పట్టుకోవడం లేదు, ఎడమ పంజాతోనే కానిస్తోంది. నడిపించి చూస్తే కుడి ముందు కాలు మీద బరువు వేసే క్షణం తక్కువ, తల కొంచెం పైకి లేస్తోంది. మోచేయి దగ్గర ఎడమ దానికంటే లావుగా ఉంది.

పిల్లి జాతి నొప్పిని దాస్తుందని పుస్తకంలో అందరం చదువుకుంటాం. దానర్థం పనిలోకి వచ్చాక తెలుస్తుంది. చిరుత కుంటుతున్నట్టు మనకి కనిపించిందంటే అది దాచగలిగినన్నాళ్లు దాచి, ఇక దాచలేక వదిలేసిందని. అంటే మొదటి రోజు అని మనం కేస్ షీట్‌లో రాసేది నిజానికి మొదటి రోజు కాదు.

అప్పుడు నా బుర్రలో వచ్చిన జాబితా ఇది. ఊచల మీదికి దూకడంలో బెణికి ఉండొచ్చు. సిమెంటు నేల మీద పడుకోవడం వల్ల మోచేయి కొనలో నీటితిత్తి వచ్చి ఉండొచ్చు, కానీ అది సరిగ్గా ఎముక మొన మీద మెత్తగా వస్తుంది, పెద్దగా నొప్పి ఉండదు. ఇక్కడ వాపు కీలు చుట్టూ ఉంది, నొప్పి ఉంది, కాబట్టి కాదు. ముసలి కీళ్లవాతం అనుకోవడానికి వయసు తక్కువ. ఇంకో చిరుత కరిచి చీము పట్టిందా అంటే ఒంటరిగా ఉంది. కీలులో ఇన్ఫెక్షన్ కూడా జాబితాలో ఉంది, కానీ గాయం కనిపించలేదు, ఆకలి తగ్గలేదు, కాబట్టి దాన్ని చివరికి నెట్టాను.

బెణుకు అనే అనుకున్నాను. ఎందుకంటే అలా అనుకుంటే మత్తు ఇవ్వక్కర్లేదు. ఇది నిజం. ఇప్పుడిప్పుడే మనుషుల్ని నమ్ముతున్న చిరుతని, కదలకుండా నొక్కి పట్టే స్క్వీజ్ కేజ్‌లోకి తోసి సూది పొడిస్తే మూడు నెలల కష్టం పోతుంది, మత్తులో చిరుత పోయిందంటే పై నుంచి కింద దాకా అందరికీ సంజాయిషీ చెప్పుకోవాలి, వన్యప్రాణి రక్షణ చట్టంలో అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జంతువు మరి. ఇవన్నీ సరైన కారణాలే. కానీ ఈ కారణాలు రోగ నిర్ధారణని మార్చకూడదు, నా విషయంలో మార్చాయి.

మెలోక్సికాం అనే నొప్పి మందు మొదలుపెట్టాను. మొదటి రోజు కిలోకి 0.1 మిల్లీగ్రాము, తర్వాత నాలుగు రోజులు అందులో సగం. పిల్లి జాతిలో నొప్పి మందు అంటే భయపడుతూనే ఇవ్వాలి, పారాసిటమాల్ అయితే అసలు ముట్టుకోకూడదు, వాటి కాలేయానికి దాన్ని విరిచే శక్తి సరిగా ఉండదు, మనకి జ్వరం తగ్గించే బిళ్ల వాటికి విషం. మెలోక్సికాం కూడా ఒంట్లో నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు, ఎక్కువ రోజులు ఇస్తే కిడ్నీల మీదికొస్తుంది. అందుకని ముందు నీళ్లు తాగుతోందో లేదో తొట్టిలో గీత పెట్టి చూశాం, తర్వాతే మందు. చిన్న చికెన్ లివర్ ముక్కలో పెట్టి, అసలు తిండికి ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు.

మూడో రోజుకి మంచె ఎక్కింది. కీపర్ వీడియో పంపాడు, నేను దాన్ని ఇంట్లో కూడా చూపించాను. ఐదో రోజు మందు ఆపాం. ఎనిమిదో రోజుకి కాలు నేల మీద పెట్టడం మానేసింది, వాపు కమలాపండంత అయింది, మూడు కిలోల మాంసంలో కిలో మిగిల్చింది.

ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ ఐదు రోజుల్లో నేను చేసింది కుంటుని మాయం చేయడమే. కుంటడం అనేది ఆ చిరుత నాతో మాట్లాడగలిగే ఒకే ఒక మాట, దాని నోరు నేనే మూశాను. కీలులో ఇన్ఫెక్షన్ ఉంటే ప్రతి రోజూ మృదులాస్థి కరిగిపోతూ ఉంటుంది, పోయింది తిరిగి రాదు.

మొదటి మత్తు

ఇక ఆగలేదు. మార్చి చివరి వారం, తెల్లారి ఐదున్నరకి మొదలుపెట్టాం, ఎండెక్కే లోపు అయిపోవాలని. ముందు రోజు నుంచి తిండి లేదు, ఎందుకంటే జైలజిన్ అనే మత్తు మందు పడితే పిల్లి జాతి వాంతి చేసుకుంటుంది, కడుపు నిండా మాంసంతో మత్తులో ఉన్న జంతువు వాంతి చేసుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్క్వీజ్ కేజ్‌లో జైలజిన్ 70 మిల్లీగ్రాములు, కెటమిన్ అనే ఇంకో మత్తు మందు 250 మిల్లీగ్రాములు కలిపి కండకి ఇచ్చాం. తుపాకీతో మత్తు సూది (డార్ట్) కొట్టకుండా స్క్వీజ్ కేజ్ ఎందుకంటే డార్ట్ అయితే తుపాకీ చూసిన క్షణం నుంచి అది గది గోడలన్నీ ఎక్కి దిగుతుంది, ఆ కుంటి కాలుతో. పదకొండు నిమిషాలకి పడుకుంది. కళ్లలో ఆయింట్‌మెంట్, కళ్లకి గుడ్డ, ముక్కులో ఆక్సిజన్ గొట్టం, అయిదేసి నిమిషాలకి ఉష్ణోగ్రత.

చేత్తో పట్టుకుని చూస్తే కీలు వేడిగా ఉంది, లోపల ద్రవం ఆడుతోంది. పుండు కోసం బొచ్చు విడదీసి వెతికాం, ఏమీ లేదు. పోర్టబుల్ ఎక్స్‌రే రెండు కోణాల్లో తీశాం. మెత్తటి భాగం వాచి ఉంది, ఎముక శుభ్రంగా ఉంది. దీన్ని చూసి హమ్మయ్య అనుకోకూడదు, కీలు ఇన్ఫెక్షన్లో ఎముక మీద మార్పు ఎక్స్‌రేలో కనపడటానికి పది పదిహేను రోజులు పడుతుంది. శుభ్రమైన ఎక్స్‌రే అంటే రోగం లేదని కాదు, ఎముక ఇంకా తినేయలేదని, అంతే.

బొచ్చు గీసి, ఆపరేషన్‌కి కడిగినంత శ్రద్ధగా కడిగి, మోచేయి వెనక బయటివైపు నుంచి కీలులోకి సూది దింపాను. మూడు మిల్లీలీటర్లు వచ్చింది. మామూలు కీలు ద్రవం సిరంజి కొస నుంచి చుక్క వదిలితే తీగపాకంలా సాగాలి. ఇది నీళ్లలా జారిపోయింది, రంగు మసకగా, కాస్త ఎరుపు. సూది దిగిన ఆ ఒక్క నిమిషంలో తేలిపోయింది, బెణుకు కాదని. స్లైడ్ మీద నూటికి 90కి పైగా న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్ మీదికి వచ్చే తెల్ల కణాలు. బ్యాక్టీరియా కళ్లకి కనపడలేదు, అది మామూలే, అందుకే ద్రవంలో సగం బ్లడ్ కల్చర్ బాటిల్‌లో పోసి ల్యాబ్‌కి పంపాం. మామూలు స్వాబ్ మీద కంటే అలా పంపితే కీలు ద్రవంలో సూక్ష్మజీవి పెరిగే అవకాశం ఎక్కువ.

రక్తం కూడా తీశాం. తెల్ల కణాలు 24 వేలు, ఎక్కువే, కిడ్నీ పరీక్షలు బాగున్నాయి. ఒక రక్తపు చుక్క స్లైడ్ మీద వేసి సర్రా (ఈగలు మోసుకొచ్చే రక్తపు జబ్బు) పరాన్నజీవి కోసం కూడా చూశాం, లేదు. కీలు వాపు కేసులో అది ఎందుకంటారా? పెద్ద పిల్లికి, అంటే పులి, చిరుత లాంటి వాటికి, ఏ కారణంతో మత్తు ఇచ్చినా ఆ చుక్క చూడకుండా లేపను. 2000లో ఒడిశాలోని నందన్‌కానన్ జూలో పదికి పైగా పులులు సర్రాతో వరసగా చనిపోయాయి, ఆ సంగతి చదివి పెరిగిన తరం మాది.

అక్కడే కీలుని కడిగాం. ఒక సూది నుంచి రింగర్ లాక్టేట్ (సెలైన్ లాంటి ద్రవం) పంపి ఇంకో సూది నుంచి బయటికి వదులుతూ, 300 మిల్లీలీటర్ల దాకా, బయటికొచ్చేది తేటపడే వరకు. చీము ఉన్న కీలులోకి యాంటీబయాటిక్ రక్తం ద్వారా వెళ్తుంది కానీ ఆ చీములోని ఎంజైములు మృదులాస్థిని తింటూనే ఉంటాయి, కాబట్టి కడగడం మందుతో సమానం. నలభై ఐదు నిమిషాలు దాటాక జైలజిన్‌కి విరుగుడు యోహింబిన్ ఇచ్చి లేపాం. తొందరపడి ముందే ఇస్తే జైలజిన్ పని ఆగి, కెటమిన్ ఒక్కటే మిగిలి ఫిట్స్ లాగా కొట్టుకుంటుంది.

నాలుగు వారాల మందు

కల్చర్‌లో స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా పెరిగింది. అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ పనిచేస్తుందని రిపోర్ట్. అప్పటికే దాన్నే మొదలుపెట్టి ఉన్నాం, కొనసాగించాం. రాసినంత సులువు కాదు రోజుకి రెండుసార్లు చిరుత చేత బిళ్ల మింగించడం. పొడి చేసి మాంసం మీద చల్లితే ఒక్క నాకు నాకి, మన వైపు ఒక చూపు చూసి, వెళ్లి పడుకుంటుంది. లివర్ ముక్కలో పెడితే రెండు రోజులు తిని మూడో రోజు ముక్కని నోట్లో తిప్పి బిళ్ల ఒక్కటే ఉమ్మేసింది. చివరికి కీపర్ కనిపెట్టింది పనిచేసింది: కోడి గుండెకాయ చీల్చి అందులో బిళ్ల పెట్టి, ముందు రెండు ఖాళీ గుండెకాయలు, తర్వాత మందుది, వెంటనే ఇంకో ఖాళీది చూపించడం. వచ్చేదాని కోసం ఆత్రంగా ఉన్నది నోట్లోదాన్ని పరిశీలించదు.

రెండో వారానికి కాలు నేల మీద పెట్టింది. మూడో వారానికి వాపు సగానికి పైగా దిగింది, మంచె ఎక్కింది. అయినా ఆపకుండా ఇంకో వారం ఇచ్చాం, మొత్తం నాలుగు వారాలు. కేస్ షీట్ మీద నా చేత్తో నేనే రాశాను, "నయమైంది" అని. ఆ మాట కింద తేదీ కూడా ఉంది, ఏప్రిల్ 23.

మే 5న మళ్లీ కింద పడుకుంది.

మందు మార్చాలా, బుర్ర మార్చాలా

ఈసారి సలహాలు చాలా వచ్చాయి, అడిగినవి, అడగనివి. మందు మార్చమని ఒకరు, ఎన్రోఫ్లాక్సాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ కలపమని ఒకరు, ఆరు వారాలు ఇవ్వాల్సింది నాలుగుతో ఆపావని ఇంకొకరు. కీలులోకి స్టీరాయిడ్ వేస్తే అయిపోతుందన్న పెద్దాయన కూడా ఉన్నారు, ఆయనకి మర్యాదగా సరేనండి అని ఫోన్ పెట్టేశాను.

ఒక్కొక్కటీ ఆలోచించాను. మందు తప్పయితే వాపు అసలు తగ్గకూడదు, కానీ తగ్గింది, ల్యాబ్ కూడా అదే చెప్పింది. ఎన్రోఫ్లాక్సాసిన్ డోసు పెరిగితే పిల్లుల్లో కంటి రెటీనా దెబ్బతింటుంది, పనిచేస్తున్న మందు ఉండగా చిరుత కళ్లతో జూదం ఆడను. రోజులు తక్కువయ్యాయి అన్నది నిజం కావచ్చు. కానీ అలా అయితే మందు ఆపిన పన్నెండు రోజులకే మొదట ఉన్నంత వాపు ఎలా వచ్చింది? ఫంగస్, క్షయ లాంటివి అయితే మామూలు యాంటీబయాటిక్‌కి ఇంత చక్కగా తగ్గకూడదు. శరీరం తన కీళ్ల మీద తనే దాడి చేసే జబ్బయితే మామూలుగా ఒక్క కీలుతో ఆగదు.

మందు ఉన్నన్నాళ్లు తగ్గి, ఆపగానే అదే చోట తిరిగొస్తోందంటే లోపల ఎక్కడో సూక్ష్మజీవులకి మందు అందని దాక్కునే చోటు ఉంది. చచ్చిన ఎముక ముక్కో, పరాయి వస్తువో. మన ఊళ్లలో కాలిలో ముల్లు విరిగిన ఎవరికైనా ఇది తెలుసు: మానినట్టే ఉంటుంది, పైన తోలు కట్టేస్తుంది, పది రోజులకి మళ్లీ సలుపు. పరాయి వస్తువు అన్న మాట కాగితం మీద రాసుకున్నాను కూడా. కానీ ఈ చిరుత ఒంట్లోకి పరాయి వస్తువు ఎలా వస్తుంది, ఆరు నెలలుగా నా కళ్ల ముందు ఉంది కదా, అని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

సమాధానం నా అల్మారాలోనే ఉంది. రెండో మత్తుకి డోసు లెక్క వేయాలి, చిరుత చిక్కింది, వచ్చినప్పటి బరువుతో పోల్చుదామని నవంబర్ నాటి షీట్ తీశాను. బరువు గడి పక్కన, ఇరికించి రాసిన ఒక వాక్యం, నా చేతిరాతే: "కుడి ముంజేయి లోపలివైపు రెండు ఏదు ముళ్లు. లాగేశాం."

ఆ షీట్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ రోజు గుర్తుంది. పట్టిన రోజు రాత్రి, బోనులోంచి మార్చడానికి మత్తు ఇచ్చాం, చుట్టూ నలభై మంది, లైట్లు, ఫోన్లు. చిరుతలకి ఏదు ముళ్లు గుచ్చుకోవడం వింత కాదు, ఏదుపందిని వేటాడబోయి తినే దెబ్బ అది. ముక్తేశ్వర్‌లో నరభక్షకిగా మారిన ఆడపులి ముందు కాలిలో యాభై దాకా ఏదు ముళ్లు ఉన్నాయని జిమ్ కార్బెట్ ఎప్పుడో రాశారు. మేం రెండు ముళ్లు లాగి పారేశాం. కొనతో సహా వచ్చాయా, లోపల విరిగాయా అని చూసిన గుర్తు లేదు, మూడోది ఉందేమో అని తడిమిన గుర్తూ లేదు.

అప్పుడు ఇంకో సంగతి కూడా అర్థమైంది. మార్చిలోనే కీపర్ ఒకటి రెండుసార్లు అన్నాడు, "వాపు మోచేతికి కదా సార్, అది కింద ముంజేయి నాకుతోంది ఎందుకు" అని. నొప్పి కిందకి జాలుతుందిలే అని ఏదో చెప్పాను. పిల్లి ఎక్కడ నాకుతుందో అక్కడ చూడాలి, ఇంతకంటే మొదటి పాఠం ఏముంటుంది?

రెండో మత్తు

ఏదు ముల్లు మన గోరు, వెంట్రుక లాంటి పదార్థమే, కెరాటిన్. ఎక్స్‌రేలో కండకీ దానికీ తేడా తెలియదు. నా ఎక్స్‌రే తప్పు కాదు, దాన్ని అడగకూడని ప్రశ్న అడిగాను. అల్ట్రాసౌండ్‌లో మాత్రం దొరుకుతుంది. మా దగ్గర ఉన్నది పొట్ట చూసే ప్రోబు, పై పైన ఉన్న సన్నటి వస్తువుకి అది పనికిరాదు. టౌన్లో కుక్కల ప్రాక్టీస్ చేసే మా సీనియర్ ఒకాయన దగ్గర పై పైన ఉన్నవి స్పష్టంగా చూపించే లీనియర్ ప్రోబు ఉంది. "అన్నా, పొద్దున నాలుగున్నరకి రాగలవా" అంటే, "చిరుతకైతే మూడున్నరకైనా వస్తా" అన్నాడు.

మే 9, బయట తెల్లవారుజామునే 31 డిగ్రీలు. ముందే ఒకటి నిర్ణయించుకున్నాం: ముల్లు కనిపిస్తే అప్పుడే తీసేయాలి, ఇంకో రోజుకి వాయిదా వేయకూడదు, మూడోసారి మత్తు ఈ ఎండల్లో ఇవ్వలేం. అందుకని ఆపరేషన్ ట్రే, శ్వాసనాళంలో పెట్టే గొట్టం, ఐసోఫ్లురేన్ అనే మత్తు వాయువు, అన్నీ సిద్ధం. ఇంకోటి కూడా రాసిపెట్టుకున్నాం: ఒంటి వేడి 40 దాటితే ఏం కనిపించినా సరే ఆపేసి లేపేయడం. జంతువు మత్తులో, మనం ఆత్రంలో ఉన్నప్పుడు ఇలాంటి గీత అప్పటికప్పుడు గీసుకోలేం, ముందే గీసుకుని ఇంకొకరికి చెప్పి ఉంచాలి. మేం మా కాంపౌండర్‌కి చెప్పాం, ఆయనకి నన్ను ఆపే అధికారం ఉందని.

ముందు కీపర్ చెప్పిన చోటే ప్రోబు పెట్టాం. ముంజేయి లోపలివైపు, కీలుకి రెండున్నర సెంటీమీటర్ల కింద. స్క్రీన్ మీద రెండు తెల్లటి గీతలు, పక్కపక్కనే, రైలు పట్టాల్లా, చుట్టూ నల్లటి ద్రవం. అన్న ప్రోబుని అడ్డంగా తిప్పితే చిన్న గుండ్రం. పై కొన కీలు తిత్తి వైపు దూసుకుని ఉంది. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆరు నెలలుగా ప్రతి అడుగుకీ కండ కదులుతూ దాన్ని కొంచెం కొంచెం పైకి నెట్టింది, మార్చిలో కీలుని చేరింది.

మోచేయి లోపలివైపు కత్తి పెట్టడం అంటే సరదా కాదు, పెద్ద రక్తనాళం, నరాలు అక్కడి నుంచే పోతాయి. అందుకని అన్న ప్రోబు పట్టుకుని ఉండగానే ముల్లు పొడవు వెంట చిన్న కోత పెట్టి, కత్తి పక్కన పెట్టేసి, మొద్దు కొస ఫోర్సెప్స్‌తో కండ పోగుల్ని విడదీస్తూ వెళ్లాను. కొస తగిలింది. పట్టుకుని, పక్కకి తిప్పకుండా, అది వచ్చిన దారినే వెనక్కి లాగాను. నలుపు తెలుపు పట్టీలతో, 3.8 సెంటీమీటర్లు, కొనతో సహా. మన ఏదుపంది ముల్లుకి అమెరికా ఏదుపందికి ఉన్నట్టు కొన మీద ఎదురు ముళ్లు ఉండవు, అందుకే అంత సాఫీగా వచ్చింది. బయటికి తీశాక మళ్లీ ప్రోబు పెట్టి ముంజేయంతా పంజా దాకా వెతికాం. ఈసారి తొందరపడలేదు. ఇంకేమీ లేదు.

కీలుని మళ్లీ కడిగాం, ఈసారి అర లీటరు. కోతకి కుట్లు చర్మం లోపలే, కరిగిపోయే దారంతో వేశాం, పైకి కనిపించే కుట్టుని చిరుత ఒక్క రాత్రి కూడా ఉంచదు, దాని మెడకి కాలర్ కట్టే మొనగాడు లేడు. ముల్లు దారి కింది చివర మాత్రం మూయకుండా వదిలేశాం, మిగిలిన చీము కారిపోవడానికి. ఒంటి వేడి 39.6 దాకా వెళ్లింది, తడి గుడ్డలు వేసి ఫ్యాన్ పెట్టాం, అక్కడే ఆగింది.

తర్వాత

అదే యాంటీబయాటిక్, అదే గుండెకాయ ట్రిక్కు, నాలుగు వారాలు. మందు మార్చలేదని గమనించండి. ముల్లు మీద సూక్ష్మజీవులు జిగురు పొర కట్టుకుని కూర్చుంటే ఏ మందూ సరిగా పనిచేయదు, ముల్లు పోయాక పాత మందే చాలింది.

పది రోజులు చిన్న గదిలోనే ఉంచాం. కింద రబ్బరు మ్యాట్ వేద్దామని ఒకరన్నారు కానీ చీల్చి మింగితే ఇంకో ఆపరేషన్, వరిగడ్డి పరిచాం. అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఈగలు. మే నెలలో తెరిచి ఉంచిన గాయం, ఒక్క పూట చూడకపోతే పురుగు పడుతుంది. పశువులకి వాడే ఈగల స్ప్రేల్లో పెర్మెత్రిన్ ఉన్నవి పిల్లి జాతికి విషం, కాబట్టి షెల్ఫ్ మీద ఉన్నది తీసి కొట్టడానికి లేదు. గదికి దోమతెర బిగించి, నేల రోజుకి మూడుసార్లు కడిగించాం.

మంచెని అడుగు ఎత్తుకి దించి, వారానికి అరడుగు చొప్పున పెంచుకుంటూ పోయాం. ఇది కీపర్ ఆలోచన. ఎక్కమని చిరుతకి చెప్పలేం, ఎక్కాలనిపించేంత ఎత్తులో పెట్టగలం. జూన్ చివరికి నాలుగడుగులకి చేరింది. మందు ఆపిన పన్నెండో రోజు నేను ఉదయం ఐదుకే వెళ్లి నిలబడ్డాను. మంచె మీదే ఉంది.

సెప్టెంబర్‌లో ఇంకో కారణానికి, విరిగిన కోర చికిత్సకి, మత్తు ఇచ్చినప్పుడు మోచేయి ఎక్స్‌రే కూడా తీశాం. కీలు అంచున చిన్న ఎముక పెరుగుదల కనిపించింది, పూర్తిగా చాచినప్పుడు ఎడమ కాలి కంటే పది డిగ్రీలు తక్కువ చాస్తోంది. నా ఎనిమిది వారాల ఖరీదు అది. ముందు ముందు కీళ్లవాతం వస్తుంది, ఎప్పుడన్నదే ప్రశ్న. అందుకే ఇప్పటి నుంచే బరువు 52 దాటనివ్వడం లేదు.

ఆఫీసులో మార్చినవి రెండున్నాయి. కొత్తగా వచ్చే ప్రతి చిరుత షీట్‌లో ఏదు ముళ్లకి ఒక పట్టీ పెట్టాం: ఎన్ని, ఎక్కడ, కొనతో సహా వచ్చాయా, తీసినవి ఏ సీసాలో ఉన్నాయి. ఇక కుంటే పెద్ద పిల్లికి కీలు వాపు కనిపిస్తే కీలు ద్రవం తీయకముందు నొప్పి మందు ఇవ్వాలంటే ఎందుకో రాతపూర్వకంగా కారణం రాయాలి. నిషేధం కాదు. కొన్నిసార్లు కారణం ఉంటుంది. నన్ను రాయమంటే ఆ మార్చి నెలలో ఏం రాసేవాణ్ణో తెలుసు, "మత్తు ఇవ్వాలంటే భయంగా ఉంది" అని. అలా రాయలేక కీలులోకి సూది దింపేవాణ్ణి.

ఈ మధ్య అది మంచె అంచున కుడి చేయి కిందికి వేలాడేసి పడుకుంటోంది. కీపర్ వారానికి ఒకసారైనా వీడియో పంపుతాడు, "సార్, ఇది మామూలేనా" అని. మూడు రోజులు వరసగా వెళ్లి చూశాను. లేచి దిగేటప్పుడు కుడి కాలు ముందు వేస్తోంది, నాకడం లేదు, వాపు లేదు. ఎండకి అలా పడుకుంటోందనే అనుకుంటున్నాను. అయినా వీడియో వచ్చిన ప్రతిసారీ తెరిచి చూస్తున్నాను.